పిలవకూడని పత్యం

మందులన్నింటిలోకి గొప్ప మందు ఏదో తెలుసా? పరిశోధన! గోలీ అయితే మింగాలి. సూది అయితే పొడిపించుకోవాలి. కసరత్తు అయితే చేయాలి, అంతకంటే ఘోరం ఇంకొకటి లేదు. పరిశోధనను మాత్రం చదివితే చాలు. పూర్తిగా కూడా అక్కర్లేదు. పైన రెండు లైన్లు చదివి నలుగురికి పంపితే ఒంట్లో ఎంత హాయిగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

నేను ఊరికే అనడం లేదు. జనగామలో ఎరువులు, పురుగుమందుల వ్యాపారం నాది. దుకాణం బోర్డు మీద 'మందుల దుకాణం' అని ఉంటుంది కాబట్టి అప్పుడప్పుడు తలనొప్పి గోలీ అడిగేవాళ్లు కూడా వస్తుంటారు. వాళ్లను ఉత్త చేతులతో పంపడం నాకు ఇష్టం ఉండదు. ఆ పొద్దున ఫోన్‌లో వచ్చిన పరిశోధన ఏదో ఒకటి చదివి వినిపించి పంపిస్తాను. ఇంతవరకు ఒక్కరు కూడా తిరిగొచ్చి నొప్పి తగ్గలేదని ఫిర్యాదు చేయలేదు. అసలు ఒక్కరు కూడా తిరిగి రాలేదు.

'పరిశోధనలో తేలింది' అన్న మాటలో ఎంత బలం ఉందో గమనించారా? ఎవరు తేల్చారు, ఎక్కడ తేల్చారు, ఎవరి ఒంటి మీద తేల్చారు అని అడిగేవాడు లేడు. తేలింది, అంతే! పొద్దున కాఫీ గుండెకు మంచిదని తేలుతుంది. మధ్యాహ్నానికి మంచిది కాదని తేలుతుంది. మాపటికి అన్నం మానేయమని తేలుతుంది, మర్నాడు అన్నమే తినమని తేలుతుంది. ఎవరికి కావాల్సింది వాళ్లు ఏరుకోవచ్చు. ఇంత స్వేచ్ఛ మనకు ఇంకే విషయంలో ఉంది చెప్పండి?

మా వాడలో బుచ్చయ్య సంగతే తీసుకోండి. రోజూ గ్రౌండ్‌లో నడిచేవాడు. ముందుకు నడిస్తే మామూలు లాభం, వెనక్కి నడిస్తే రెట్టింపు లాభం అని తేలిన రోజు నుంచి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఒకరోజు అట్లా నడుస్తూ నడుస్తూ వెళ్లి మిర్చి బజ్జీల బండికి వీపు ఆనించాడు. ఎట్లాగూ ఆగాడు కదా అని అక్కడే నిలబడి బజ్జీలు తిన్నాడు. నచ్చింది తింటే మనసుకు మంచిదని అంతకు ముందు రోజే తేలి ఉంది!

ఆ గ్రౌండ్ పక్కనే ఓపెన్ జిమ్ ఉంది. ఒక మిషన్ మీద దుప్పట్లు ఆరేస్తారు. ఇంకోదానికి ఎవరో మేకపిల్లను కడతారు. ఆ మేకపిల్ల ఎంత చురుగ్గా ఉంటుందో చూస్తే మిషన్ పనిచేస్తున్నదని ఒప్పుకోక తప్పదు.

ఇంత గొప్ప మందును మా ఇంట్లో ఒక్క మనిషి మాత్రం నమ్మదు. ఆమె మా ఆవిడ రుక్మిణి.

రుక్మిణికి కుడి మోకాలు నొప్పి. కింద కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. నొప్పి సంగతి అట్లా ఉంచండి, అది ఎవరికి లేదు! అసలు చిక్కు బతుకమ్మ దగ్గర వచ్చింది. మా వాడలో బతుకమ్మ ఆడితే పాట చెప్పేది రుక్మిణే. ఆమె ఒక మాట అంటే వాడంతా అందుకుంటుంది. నిరుడు సద్దుల బతుకమ్మ నాడు మోకాలు వంగక ఆమెకు పక్కన కుర్చీ వేశారు. పాట చెప్పే మనిషి ఒక్కచోట కూర్చుంటే ఏమవుతుంది? తిరుగుతూ అటువైపు వెళ్లిన వాళ్లకు మాట వినిపించలేదు. సగం మంది ఒక చరణంలో, సగం మంది ఇంకో చరణంలో పడ్డారు. చివరికి ఎవరో డీజే పెట్టారు.

ఇంటికొచ్చాక రుక్మిణి ఒక్కటే మాట అంది. "వచ్చే ఏడు సుత గిట్ల కుర్సీల కూసునేదుంటె నేను పోనే పోను. గా డీజేనే పెట్టుకోనీ."

ఆ మాట అని లోపలికి వెళ్లిపోయింది. నాకు గుండెలో కలుక్కుమంది. వెంటనే ఫోన్ తీసి గుండెలో కలుక్కుమంటే ఏం చేయాలో పరిశోధన వెతికాను.

తర్వాత ఆమెను ఒక దవాఖానకు తీసుకుపోతే, అక్కడ ఫిజియోథెరపీ చేసే సంగీత దగ్గరికి పంపారు. సంగీతది మహబూబాబాద్ దిక్కు, గంగారం దగ్గర తండా. చిన్న వయసు, గట్టి మాట. మోకాలి కింద చుట్టిన తువ్వాల పెట్టుకుని కాలు మెల్లగా చాపడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఇట్లాంటివి కొన్ని నేర్పింది. రోజూ పొద్దున అరగంట ఆపకుండా చేయమంది.

"చేస్తె మొత్తం పోతదా?" అని నేనడిగాను.

"నేను అబద్ధం చెప్ప సార్. మొత్తం పోదు. జర నయమైతది. ఆపితె మల్ల మొదటికే వస్తది."

చూశారా ఈ కాలపు చదువులు! జర నయమట! నా దుకాణంలో రైతు వచ్చి పురుగు చస్తుందా అని అడిగితే, జర చస్తుంది అని చెప్తానా? మర్నాడు దుకాణం మూసుకోవాలి. ఏ నూనె సీసా మీదైనా 'జర నయం' అని రాసి ఉండగా ఎవరైనా చూశారా? నిజం చెప్పే వైద్యం మీద మనిషికి నమ్మకం ఎట్లా కుదురుతుంది?

రుక్మిణి మాత్రం నమ్మింది. మర్నాటి నుంచి పొద్దున్నే గదిలో కుర్చీ వేసుకుని మొదలుపెట్టింది. మేము ఇంట్లో అందరం ఆమెకు పూర్తి సహకారం అందించాం. కుర్చీలోంచి లేవడమే కదా కసరత్తు? మేమే ఆమెను లేపేవాళ్లం!

"జర చాయ్ పెట్టు" అని హాల్లోంచి నేను. "అమ్మా, జర నా చార్జర్ ఏడున్నదో చూడవా" అని మా నిఖిల్. వాడు పోటీ పరీక్షలకు చదువుతున్నాడు కాబట్టి సొంత వస్తువులు వెతుక్కునే తీరిక ఉండదు. "జర గేటు తియ్యి, పాలాయన వచ్చిండు" అని మళ్లీ నేను. మా దిక్కు జర అంటే కొంచెం అని అర్థం, కాబట్టి మేము అడిగినవన్నీ కొంచెం కొంచెమే. ఇట్లా ఆమె అరగంటలో చేయాల్సిన కసరత్తును రోజంతా పరిచి, పైసా ఫీజు లేకుండా చేయించాం. ఏ ఫిజియోథెరపీ సెంటర్ ఇంత సేవ చేస్తుంది?

అయినా నొప్పి తగ్గలేదు. తువ్వాల చుట్ట విప్పి మళ్లీ తువ్వాలగా వాడుకోవడం మొదలైంది. కుర్చీ మీద ఉతికిన బట్టలు చేరాయి.

సరిగ్గా అప్పుడే దేవరుప్పుల నుంచి శుభవార్త వచ్చింది. దేవరుప్పులలో నా బావమరిది జగపతి ఉంటాడు. రుక్మిణికి సొంత తమ్ముడు. మండలంలో ఎక్కడ జెండా ఎగరేసినా, ఎక్కడ రిబ్బన్ కత్తిరించినా ఫొటోలో ముందు వరసలో ఉంటాడు. అతను ఒక పరిశోధన పంపాడు. 'మోకాళ్ల నొప్పులకు వ్యాయామంతో పెద్దగా లాభం లేదని తేలింది!' వెనకే ఫోన్ కూడా చేశాడు.

"అక్కా, సూసినవా? నేను మొదటి సంది చెప్తనే ఉన్న! గా కుర్సీల లేసుడు కూసునుడు బంద్ వెట్టు. లేనిపోని పరేషాన్!"

మా ఇంట్లో పండగ వాతావరణం నెలకొంది. కసరత్తు సాగనందుకు ఇన్నాళ్లు ఎవరి మనసులో ఏమున్నా, ఇప్పుడు చేయకపోవడమే సరైనదని ప్రపంచమంతా ఒప్పుకుంది కదా! నేను ఆ పరిశోధనను వెంటనే నలుగురికి పంపాను.

పంపిన తర్వాత, ఏదో పొరపాటున కింది దాకా చదివాను. అక్కడ ఏముందంటే, లాభం ఉందట గాని చిన్నదట. కొన్నాళ్లే నిలుస్తుందట. గోలీలు, సూదులు, ఇంకా ఇతర వైద్యాల లాభం కూడా చాలావరకు అంతంతమాత్రమేనట. ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంటుందట. నాకు ఎంత చిరాకేసిందో చెప్పలేను. ఇట్లాంటివి కింద ఎందుకు రాస్తారు?

అయినా మన భాష చల్లగా ఉండాలి. చిన్న లాభాన్ని 'పెద్దగా లాభం లేదు' అనవచ్చు. పెద్దగా లాభం లేనిదాన్ని 'లాభం లేదు' అనవచ్చు. నేను పంపింది వాడంతా తిరిగి సాయంత్రం నా దగ్గరికే వచ్చేసరికి 'కసరత్తు చేస్తే మోకాలి చిప్పలు అరిగిపోతాయి' అయ్యింది. దాన్ని కూడా నలుగురికి పంపాను.

రుక్మిణి ఆ పరిశోధన పట్టుకుపోయి సంగీతకు చూపించిందట. ఆ పిల్ల కింది దాకా చదివి నవ్విందట. "నిజమే అక్కా, చిన్నదే. నేను సుత గదే చెప్పిన గద? ఆపితె పోతదని సుత చెప్పిన. అన్నం సుత గంతే, పొద్దుగాల తిన్నది మాపటికి ఆగుతదా? అసలు మీరు చేసింది ఎప్పుడు?"

దానికి రుక్మిణి ఏం చెప్పిందో నాకు తెలియదు. ఇంటికి వచ్చి కుర్చీ మీది బట్టలు తీసి మడత పెట్టింది.

ఆ వారమే జగపతి కారు వేసుకుని వచ్చాడు. భూపాలపల్లి దాటాక అడవి అంచున ఒక తండా ఉందట. అక్కడ చందూలాల్ అనే ఆయన మోకాళ్లకు నూనె ఇస్తాడట. మంచం పట్టినవాళ్లు కూడా లేచి పరిగెత్తారట. జర నయం కాదు, పూర్తిగా నయం!

"దీని మీద పరిశోధన ఏమన్న తేలిందా?" అని రుక్మిణి అడిగింది.

"మందు మంచిదైతె పరిశోధన ఎందుకక్కా?" అన్నాడు జగపతి. నాకు సబబుగానే తోచింది.

బయలుదేరాం. మోకాలు ముడిచి కారులో అంతసేపు కూర్చోవడం వల్ల రుక్మిణికి నొప్పి బాగా పెరిగింది. చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనిపించేసరికి ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "దగ్గరికి వచ్చినం అక్కా, జర ఓపిక పట్టు" అన్నాడు జగపతి. అట్లా అంటూనే మధ్యలో చాయ్‌కి ఆపాడు.

చందూలాల్ మెతక మనిషి. మోకాలు నొక్కి చూశాడు, సీసాలో నూనె పోసి ఇచ్చాడు. జగపతి, నేను బయట నీడకు నిలబడి ఫోన్లు చూసుకుంటుంటే రుక్మిణి లోపల ఆయనతో కాసేపు మాట్లాడి వచ్చింది. కారు కదిలాక మెల్లగా చెప్పింది.

"మందుకు పత్యం ఉన్నది."

"వంకాయనా, కోడికూరనా?" అన్నాడు జగపతి.

"తిండికి కాదు. పిలుపుకు."

మాకు అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. "పొద్దుగాల నూనె రాసుకోని తలుపేసుకున్న కాడికెల్లి మల్ల తలుపు తీసేదాక నన్ను ఎవ్వలు పిల్వొద్దు. పేరు వెట్టి గాని, ఓయ్ అని గాని, జర అని గాని."

"పిలిస్తె?" అన్నాను నేను.

"నొప్పి నా మోకాలు ఇడిసి పిల్సినోళ్ల మోకాలికి వడ్తది."

జగపతి స్టీరింగు మీద చేత్తో కొట్టి, "మందంటే గిది!" అన్నాడు.

ఇన్ని పరిశోధనలు చదివిన నేను దీనికి ఆధారం ఏమిటని అడిగానా? అడగలేదు. ఎంతమంది మీద ప్రయోగించారు, ఎంతమంది పిలిచారు, అందులో ఎంతమంది కుంటుతున్నారు? ఒక్క ప్రశ్న వేయలేదు. కొన్ని విషయాల్లో ప్రయోగం చేయకపోవడమే శాస్త్రం. ఆ సాయంత్రమే నిఖిల్‌ను కూర్చోబెట్టి విషయం చెప్పాను. వాడు ఇంజనీరింగ్ చదివినవాడు. అయినా నవ్వలేదు. తన మోకాళ్లు తడుముకున్నాడు.

మర్నాటి నుంచి మా ఇల్లు ఎట్లా ఉండేదో మీరు చూసి ఉండాల్సింది! రుక్మిణి తలుపేసుకోగానే మేము పిల్లుల్లా నడిచేవాళ్లం. చాయ్‌పత్తి డబ్బా ఎక్కడుందో ముప్పై ఏళ్ల కాపురంలో మొదటిసారి నేనే కనుక్కున్నాను. అది పొయ్యి పక్కనే ఉంది. మొదటి రోజు చాయ్ పొంగి పోయింది, తర్వాత గిన్నె మాడింది, తర్వాత తాగేటట్టు కుదిరింది. నిఖిల్ చార్జర్ వాడి మంచం మీదే దొరికింది. పాలాయన గేటు దగ్గర "అమ్మా!" అని అరవబోతే పరిగెత్తుకెళ్లి నోరు మూశాను. పాపం, ఆయనకు పిల్లలున్నారు. జగపతి పొద్దున్నే అక్కతో మాట్లాడాలని ఫోన్ చేస్తే, "నీ మోకాలు నీకొద్దా?" అన్నాను. టక్కున పెట్టేశాడు.

వానలు తగ్గాయి. తంగేడు పూసింది. సద్దుల బతుకమ్మ వచ్చింది.

ఆ సాయంత్రం వాడంతా బతుకమ్మలు తెచ్చి నడుమ పెట్టారు. ఎవరో పిల్లలు ముందే కుర్చీ తెచ్చి రుక్మిణి కోసం వేసి ఉంచారు. డీజే డబ్బా కూడా ఒక మూల సిద్ధంగా ఉంది. రుక్మిణి తన బతుకమ్మను తీసుకొచ్చి మెల్లగా, మోకాలు వంచి, తనే కింద పెట్టింది. తనే లేచింది. కుర్చీని చూసింది. చీర కొంగు నడుముకు దోపుకుని వరుస దగ్గరికి వెళ్లి, "జర జరుగుండ్రి" అంది.

వాళ్లు జరిగారు. ఆమె ఆ సందులో నిలబడి పాట ఎత్తుకుంది. ఆమె ఎటు తిరిగితే పాట అటు తిరిగింది, అటువైపు వాళ్లూ ఇటువైపు వాళ్లూ ఒక్కసారే అందుకున్నారు. ఒక్క పాట అట్లా తిరిగింది. తర్వాత కుర్చీలో కూర్చుని, చెంగుతో ముఖం తుడుచుకుని, మిగతావి కూర్చునే చెప్పింది. చెప్తే నమ్మరు గాని, ఆ ఒక్క పాట సేపు నాకు కళ్లు సరిగా కనిపించలేదు. డీజే మాత్రం పెట్టలేదు ఎవరూ.

ఇక ఘనత ఎవరిది? జగపతి తేల్చేశాడు. ఆ మర్నాడే 'భూపాలపల్లి అడవి నూనెతో మోకాళ్ల నొప్పులు మాయం, జనగామలో తేలింది!' అని రాసి, అక్క ఫొటో పెట్టి, మండలమంతా పంపాడు. నాకు ఫోన్ చేసి, తమ పార్టీ పెద్దాయన తల్లికి కూడా కావాలి, ఇంకో సీసా చెప్పమన్నాడు. నేను చందూలాల్‌కు ఫోన్ చేశాను. నూనె సంగతి మాట్లాడి, చివర్లో మర్యాదకు ఒక మాట అన్నాను.

"మీ పత్యం మాత్రం గట్టిది. మేము ఒక్కనాడు తప్పలేదు."

"పత్యమా? నా నూనెకు పత్యం లేదు సార్. రాసి, కాలు మెల్లగ ముడువాలె, సాపాలె, రోజు చెయ్యాలె అన్న. గంతే."

నేను ఫోన్ పెట్టేసి గదిలోకి వెళ్లి సీసా మూత తీసి వాసన చూశాను. మా వంటింట్లో రోజూ వచ్చే వాసనే. పల్లినూనె.

రుక్మిణి తువ్వాల మడత పెడుతూ నా వైపు చూసింది. దాచలేదు. "అసలుది తొవ్వల్నే జగపతి కారుల ఒలికిపోయింది. సీటు కింద చూడుండ్రి, ఇంక వాసనొస్తది."

"మరి నువ్వు తలుపేసుకోని ఏం చేస్తున్నవ్?"

"సంగీత చెప్పింది. అరగంట. ఆపకుంట."

"గదే చేసేదుంటె మాకు చెప్తె కాదా? ఈ పత్యం కత ఎందుకు? జర చెప్తె మేము పిలుస్తుంటిమా?"

ఆమె తువ్వాల పక్కన పెట్టింది. "చెప్పలేదా? కసరత్తు అంటె పిల్సిండ్రు, నొప్పి అంటె పిల్సిండ్రు. మీ మోకాలికి వడ్తదంటె ఆగిండ్రు." సీసా నా చేతిలోంచి తీసుకుని మూత పెట్టింది. "మీరు అడిగేది జరనే. నాకు నొప్పి తక్కువైంది సుత జరనే. మీ జర పెద్దదై, నా జర చిన్నది ఎట్లయితది?"

దీనికి సమాధానం ఏ పరిశోధనలోనైనా ఉందేమోనని ఫోన్ తీశాను. చాలాసేపు వెతికాను. కాఫీ మీద ఉంది, బాదం మీద ఉంది, వెనక్కి నడవడం మీద ఉంది. ఇంట్లో ఆడమనిషిని అరగంట సేపు ఎవరూ పిలవకపోతే ఏమవుతుందన్న దాని మీద మాత్రం నాకు ఒక్కటీ దొరకలేదు. తేలలేదంటే ఎక్కడో అడుగున మునిగి ఉండాలి.

నా వ్యాపారంలో ఒక సంగతి చూస్తుంటాను. విత్తనాల కంపెనీలు రోడ్డు పక్కన రైతులకు చూపించడానికి డెమో ప్లాట్ వేస్తాయి. వేళకు నీళ్లు, వేళకు మందు, కోతులను కొట్టడానికి ఒక మనిషి. ఆ పత్తి మనిషి ఎత్తు పెరుగుతుంది. అదే విత్తనం తీసుకుపోయి రైతు తన చేన్లో వేస్తే మోకాలెత్తు రాదు. అప్పుడు అందరం విత్తనాన్ని తిడతాం. కోతుల గురించి ఎవరూ మాట్లాడరు. నేనైతే అస్సలు మాట్లాడను.

కాబట్టి పాఠకులారా, పరిశోధనే గొప్ప మందన్న నా మాటను నేను వెనక్కి తీసుకోవడం లేదు. ఇంట్లోనే జరిగిన ఈ ప్రయోగంలో ఏం తేలిందో కూడా నిజాయితీగా చెప్తున్నాను: పత్యం పెట్టాల్సింది జబ్బు ఉన్నవాళ్లకు కాదు, వాళ్ల చుట్టూ ఉన్నవాళ్లకు. లాభం చిన్నదే. ఒక పాటంత.

ఆ మర్నాడు పొద్దున రుక్మిణి మామూలుగానే తలుపేసుకుంది. లోపల ఉన్నది పల్లినూనె అని నాకు తెలుసు. పిలిస్తే ఏమీ కాదని తెలుసు, దానికి చందూలాల్ సాక్షి. హాల్లో దర్జాగా కూర్చున్నాను. గొంతు సవరించుకున్నాను. 'జర' అనడానికి నోరు తెరిచాను.

తెరిచిన నోరు మూసుకుని, లేచి వెళ్లి, పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టాను. ఎందుకైనా మంచిది. మోకాళ్లు నాకూ రెండున్నాయి.